నీళ్లలో పడిన చిన్న యంత్రాలు – ఆరబెట్టే పద్ధతి, ఆ వేళ ఇంట్లో పొంచి ఉండే ప్రమాదం



వానాకాలం మొదలైతే ఆసుపత్రికి జ్వరాలు, విరేచనాలు ఎక్కువగా వస్తాయి. వాటితో పాటు ఇంకొక రకం "రోగులు" కూడా మా బల్ల మీదికి చేరుతుంటాయి. తాతగారి చెవి మిషను తలస్నానంలో తడిసిపోతుంది. షుగరు చూసుకునే మిషను వరద నీటిలో మునుగుతుంది. కారు రిమోట్ తాళం ప్యాంటు జేబులోనే ఉండిపోయి బట్టలతో పాటు వాషింగ్ మిషనులో తిరుగుతుంది. కాలువలో బాప్తిస్మము జరిగే ఆదివారాలలో సాయం చేయడానికి నీళ్లలోకి దిగే సంఘ పెద్దలు, జేబులో సెల్‌ఫోను ఉన్న సంగతి మరచిపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు.

ఆరోగ్య పత్రికలో తాళాల గురించి, ఫోన్ల గురించి ఎందుకు అని మీకు అనిపించవచ్చు. కారణాలు మూడు. ఒకటి, ఈ రోజుల్లో చాలా ఇళ్లలో వైద్యానికి పనికివచ్చే చిన్న యంత్రాలు ఉన్నాయి. అవి తడిసిన తరువాత పైకి బాగానే పని చేస్తూ తప్పు అంకెలు చూపవచ్చు. రెండు, అర్ధరాత్రి ఆసుపత్రికి బయలుదేరవలసి వచ్చినప్పుడు కారు తాళం, ఫోను పని చేయకపోతే విలువైన సమయం పోతుంది. మూడవది అన్నింటికంటే ముఖ్యమైనది. తడిసిన యంత్రాన్ని విప్పినప్పుడు బయటకు తీసి బల్ల మీద పెట్టే చిన్న బటన్ సెల్, ఆ ఇంట్లో పసిబిడ్డ ఉంటే ప్రాణం మీదికి తేగలదు. ఈ మూడింటిని గూర్చి ఒక్కొక్కటిగా తెలిసికొందాము.

నీరు లోపల ఏమి చేస్తుంది?

నిజానికి స్వచ్ఛమైన నీటిలో విద్యుత్తు చాలా తక్కువగా ప్రవహిస్తుంది. హాని చేసేవి నీటిలో కరిగి ఉన్న ఉప్పులు. బోరు నీటిలో, సముద్రపు నీటిలో, చెమటలో, సబ్బు నీటిలో, వరద నీటిలో ఇవి పుష్కలంగా ఉంటాయి. యంత్రంలో బ్యాటరీ ఉండగా ఈ నీరు లోపలికి చేరితే, పోకూడని దారులలో కరెంటు పోతుంది. అప్పుడు సన్నని రాగి తీగలు, టంకం పెట్టిన చోట్లు తినివేయబడి ఆకుపచ్చగానో తెల్లగానో చిలుము పడుతుంది. పాత ఇత్తడి చెంబుకు చిలుము పట్టడానికి నెలలు పడుతుంది గాని, కరెంటు తోడైతే గంటల్లోనే మొదలవుతుంది.

దీనిని బట్టి రెండు సంగతులు గ్రహించాలి. మొదటిది, నీరు, కరెంటు కలిసి ఉన్న సమయాన్ని తగ్గించాలి. అంటే బ్యాటరీని వెంటనే తీసివేయాలి. రెండవది, నీరు ఆరిపోయినా ఉప్పు లోపలే ఉంటుంది. కొన్నాళ్ల తరువాత గాలిలోని తేమకే అది మళ్లీ తడిసి తన పని మొదలుపెడుతుంది. "ఆ రోజు ఆరబెట్టాము, బాగానే పని చేసింది, నెల తరువాత ఎందుకో ఆగిపోయింది" అనడానికి కారణం ఇదే.

వెంటనే చేయవలసిన పనులు

ఏ చిన్న యంత్రం తడిసినా మొదట ఇవి చేయండి.

1. నీళ్లలోంచి తీసి పొడి గుడ్డతో పైన తుడవండి. గట్టిగా విదిలించవద్దు. బయట ఉన్న నీరు లోపలికి పోతుంది.

2. పని చేస్తుందో లేదో చూద్దామని స్విచ్చి నొక్కవద్దు. అందరికీ కలిగే మొదటి ఆలోచన అదే. చాలా యంత్రాలు నీటి వలన కాక, తడిగా ఉండగా నొక్కిన ఆ నొక్కుడు వలన పోతాయి.

3. ఆన్‌లో ఉంటే ఆపివేయండి. బ్యాటరీ తీయగలిగితే తీయండి. తీసిన బ్యాటరీని పిల్లలకు అందని చోట, మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

4. ఛార్జరు పెట్టవద్దు.

5. గోడ ప్లగ్గుకు తగిలించే యంత్రమైతే, అది నీళ్లలో ఉండగా ముట్టుకోవద్దు. ముందు ఇంటి మెయిన్ స్విచ్చి ఆపండి. నేల తడిగా ఉండి మెయిన్ దగ్గరకు పొడిగా చేరలేకపోతే కరెంటు వారిని పిలవండి. ఏ యంత్రమూ ప్రాణం కంటే విలువైనది కాదు.

కారు రిమోట్ తాళం

ఇది విప్పడానికి సులువైన యంత్రం గనుక దీనితో మొదలుపెడదాము. రిమోట్ లోపల ఒక చిన్న సర్క్యూట్ పలక, నొక్కే బటన్లు, ఒక బటన్ సెల్ ఉంటాయి. చాలా కార్లలో సి.ఆర్. 2032 అనే సెల్ వాడుతారు. అది 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టుల శక్తి గలది. అంకెల్లో మొదటి రెండు వెడల్పును, తరువాతి రెండు మందాన్ని చెబుతాయి. కొత్త సెల్ కొనేటప్పుడు పాతదాని మీది అంకెలు చూసి అదే తెచ్చుకోవాలి.

రిమోట్ అంచున సన్నని సందు ఉంటుంది. అందులో చిన్న స్క్రూడ్రైవరు మొనను మెల్లగా తిప్పితే రెండు చిప్పలుగా విడిపోతుంది. కొన్నింటిలో ముందు లోపల దాగిన ఇనుప తాళాన్ని లాగితే సందు కనబడుతుంది. సెల్ తీసివేయండి. సర్క్యూట్ పలకను చిప్ప నుండి బయటకు తీయండి.

పడింది మంచినీళ్లలో అయితే ఆరబెడితే చాలు. ఉప్పు నీరు, సబ్బు నీరు, బురద నీరు అయితే పలకను డిస్టిల్డ్ వాటరుతో కడగాలి. ఇన్వర్టరు బ్యాటరీలలో పోయడానికి అమ్మేది ఇదే. సీసా మీద డిస్టిల్డ్ వాటర్ అని ఉన్నదో లేదో చదివి కొనండి. బ్యాటరీ దుకాణంలో యాసిడ్ కూడా అలాంటి సీసాలలోనే ఉండవచ్చు. తరువాత మెత్తని టూత్ బ్రష్షును 90 శాతం లేక అంతకు మించిన ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచి, చిలుము ఉన్న చోట మెల్లగా రుద్దండి. ఆల్కహాలు తేమను తనతో కలుపుకొని త్వరగా ఆవిరైపోతుంది. ఇది మండే ద్రవం. పొయ్యికి, కొవ్వొత్తికి, సిగరెట్టుకు దూరంగా, కిటికీలు తెరచి ఈ పని చేయండి.

చేతులకు రాసుకునే శానిటైజరు ఇందుకు పనికిరాదు. చర్మం పొడిబారకుండా అందులో గ్లిజరిన్ లాంటివి కలుపుతారు. అవి ఆరిపోక పలక మీద జిగటగా మిగిలిపోతాయి.

ఆ తరువాత పలకను శుభ్రమైన గుడ్డ మీద, నీడపట్టున, ఫ్యాను గాలికి ఒకటి రెండు రోజులు ఉంచండి. తిరిగి బిగించేటప్పుడు పాత సెల్ కాక కొత్తది వేయండి. తడిసిన సెల్ ఖరీదు కంటే దాని వలన వచ్చే చిక్కు ఎక్కువ.

ఇంకొక మాట. అనేక కార్ల తాళాలలో ఇంజను స్టార్టు కావడానికి అనుమతి ఇచ్చే చిన్న చిప్పు వేరుగా ఉంటుంది. దానికి సెల్ అవసరం లేదు. కారులోని తీగచుట్ట నుండే అది శక్తి తీసుకుంటుంది. అందువలన రిమోట్ బటన్లు పని చేయకపోయినా, లోపలి ఇనుప తాళంతో తలుపు తీసి, రిమోట్‌ను స్టార్టు బటనుకు ఆనించి నొక్కితే చాలా కార్లు స్టార్టు అవుతాయి. కొన్ని కార్లలో రిమోట్‌ను పెట్టవలసిన చోటు వేరుగా ఉంటుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో చూసి ఇంట్లో అందరికీ చూపించి పెట్టండి. రెండవ తాళం ఎక్కడ ఉన్నదో ఒక్కరికి మాత్రమే తెలిసి ఉండడం మంచిది కాదు. అవసరం వేళ అదీ దొరకకపోతే తాళంతో కుస్తీ పడుతూ కూర్చోక 108కి ఫోను చేయండి.

బియ్యం డబ్బాలో పెట్టవచ్చా?

వద్దు. తడిసిన ఫోనును బియ్యంలో పాతిపెట్టడం మన ఇళ్లలో బాగా అలవాటైంది. కాని మూసి ఉన్న యంత్రం లోపలి నీటిని బయట ఉన్న బియ్యం లాగలేదు. పైగా తౌడు, నూకలు రంధ్రాలలోకి దూరి తడికి ముద్దగా అతుక్కుంటాయి. యాపిల్ సంస్థ కూడా 2024లో తన ఫోన్లను బియ్యంలో పెట్టవద్దని, బియ్యపు రేణువుల వలన ఫోను దెబ్బతినవచ్చని తన సూచనలలో చేర్చింది.

వైద్యులుగా మేము మరొక కారణం కూడా చెబుతాము. వరద నీటిలో మురుగు కలిసి ఉంటుంది. ఆ నీటిలో మునిగిన ఫోనును పెట్టిన బియ్యాన్ని తరువాత వండుకోవడం విరేచనాలను ఇంటికి పిలవడమే. వరదలో తడిసిన వస్తువులను రబ్బరు తొడుగులతో ముట్టుకోండి. తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి. చేతి మీద కోతలు, పుండ్లు ఉన్నవారు ఎలుకల మూత్రం కలిసిన నీటి వలన వచ్చే జ్వరం విషయంలో మరింత జాగ్రత్త పడాలి.

హెయిర్ డ్రయ్యరు, ఓవెను, పొయ్యి సెగ, ఎర్రటి ఎండ కూడా వద్దు. వేడికి లోపలి జిగురు కరుగుతుంది, బ్యాటరీ ఉబ్బుతుంది. వేగంగా కొట్టే వేడిగాలి నీటిని ఇంకా లోపలికి నెడుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద అసలే పెట్టవద్దు.

బియ్యం కంటే మేలైనవి సిలికా జెల్ పొట్లాలు. కొత్త బూట్ల పెట్టెలలో, కొన్ని మాత్రల సీసాలలో ఉండే చిన్న సంచులు ఇవే. వాటిని పారవేయక గాలి చొరని డబ్బాలో దాచుకోండి. మొదట ఫ్యాను గాలికి పైతడి ఆరిన తరువాత యంత్రాన్ని ఆ డబ్బాలో పొట్లాలతో కలిపి ఒక రోజు మూసి ఉంచండి. ఇవి కూడా పిల్లల నోటికి అందకూడదు.

సెల్‌ఫోను

ఇప్పటి ఫోన్లలో చాలా వాటికి బ్యాటరీ బయటకు రాదు. ఆపివేసి, సిమ్ము పెట్టే అరను బయటకు లాగి, ఛార్జరు రంధ్రం కిందికి వచ్చేలా నిలబెట్టి గాలికి ఉంచండి. రంధ్రంలో దూది పుల్లలు, కాగితం దూర్చవద్దు. "ఐ.పి. 67" అని రాసి ఉన్న ఫోను మీటరు లోతు మంచినీటిలో అరగంట తట్టుకొనేలా పరీక్షింపబడింది. ఆ పరీక్ష ఉప్పు నీటికి, సబ్బు నీటికి వర్తించదు. కింద పడి పగిలిన ఫోనుకూ, మూడు నాలుగేళ్లు వాడిన ఫోనుకూ ఆ రక్షణ తగ్గిపోతుంది.

తడిసిన ఫోను వేడెక్కినా, వెనుక భాగం ఉబ్బినా, తియ్యని ఘాటు వాసన వచ్చినా ఇక దాని జోలికి పోవద్దు. మంచం మీద, బట్టల మధ్య కాక ఆరుబయట గచ్చు మీద పెట్టి, మరమ్మతు చేసేవారికి చెప్పండి. లోపలి లిథియం బ్యాటరీ అంటుకునే ప్రమాదం ఉన్నది.

వినికిడి యంత్రం

చెవి మిషనుకు నీటి కంటే రోజూ పట్టే చెమటే పెద్ద శత్రువు. మన కోస్తా ఉక్కపోతలో ఇది అందరికీ ఎదురయ్యేదే. తడిస్తే సెల్ తీసి, సెల్ తలుపు తెరచి ఉంచి, పొడి గుడ్డతో తుడిచి, సిలికా జెల్ డబ్బాలో ఒక రోజు ఉంచండి. చెవి వెనుక పెట్టుకునే రకమైతే గొట్టంలో నీటి చుక్కలు నిలుస్తాయి. గొట్టాన్ని మిషను నుండి విడదీసి, చిన్న రబ్బరు బుడ్డితో గాలి కొట్టి చుక్కలను బయటకు పంపాలి. నోటితో ఊదవద్దు. ఊపిరిలో కూడా తేమ ఉంటుంది.

ఈ మిషన్లలో వాడే జింక్-ఎయిర్ సెల్ గాలి పీల్చుకొని పని చేస్తుంది. దాని మీద కాగితపు బిళ్ల ఊడదీసేది అందుకే. గాలి పోయే ఆ చిన్న రంధ్రాలలో నీరు చేరితే సెల్ పనికిరాదు, కొత్తది వేయాలి. తడి ఆరిన తరువాత కూడా శబ్దం బొంగురుగా, తెగుతూ వినిపిస్తే ఇంట్లో విప్పవద్దు. వినికిడి నిపుణులకు చూపించండి. "ఎలాగో నెట్టుకొస్తున్నాను" అని పెద్దవారు చెప్పరు, ఊరుకుంటారు. సరిగా వినబడనివారు వెనుక వచ్చే లారీ హారన్ వినరు, డాక్టరు చెప్పిన మాత్రల వేళలు పొరపాటుగా వింటారు, ఆరాధనలో కూర్చొని కూడా ఒంటరిగా ఉంటారు. అందుచేత ఇంటివారే కనిపెట్టి తీసుకురావాలి.

రాత్రి పడుకునే ముందు సెల్ తలుపు తెరచి, మూత ఉన్న డబ్బాలో పెట్టుకునే అలవాటు ఉంటే సగం మరమ్మతులు తప్పుతాయి.

షుగరు మిషను, బీపీ మిషను – ఆరితే చాలదు, పరీక్షించాలి

కారు తాళం బాగుపడిందా లేదా అన్నది వెంటనే తెలుస్తుంది. తలుపు తెరుచుకుంటుంది, లేదా తెరుచుకోదు. వైద్య యంత్రం అలా కాదు. అది వెలుగుతుంది, కూత వేస్తుంది, అంకె చూపుతుంది. ఆ అంకె నిజమా అన్నది అది చెప్పదు. చక్కెర నిజంగా 90 ఉన్నవారికి మిషను 260 చూపితే, దానిని నమ్మి ఇన్సులిన్ పెంచుకుంటే, చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. నిజంగా 350 ఉన్నప్పుడు 150 చూపితే "బాగుంది" అనుకొని ఇంట్లో ఉండిపోతారు. రెండూ ప్రమాదమే.

షుగరు మిషను తడిస్తే ఇలా చేయండి. స్ట్రిప్పులు ఏ మాత్రం తడిసినా, సీసా మూత తెరచి ఉండి తేమ తగిలినా పారవేయండి. వాటి మీద పూసిన ఎంజైము తేమకు చెడిపోతుంది. ఆరబెట్టినా తిరిగి రాదు. మిషను బ్యాటరీ తీసి రెండు రోజులు ఆరబెట్టి, కొత్త బ్యాటరీ, కొత్త స్ట్రిప్పులు వేయండి. కంపెనీ ఇచ్చే కంట్రోలు ద్రవం చుక్కతో పరీక్ష చేస్తే, స్ట్రిప్పుల సీసా మీద ముద్రించిన హద్దుల మధ్య అంకె రావాలి.

ఆ తరువాత మిషనును ల్యాబుకు తీసుకొని రండి. పరగడుపున ల్యాబులో రక్తం ఇచ్చిన వెంటనే మీ మిషనుతో కూడా చూసుకోండి. 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 లోపు అంకెలకు 15 వరకు, 100 గాని అంతకు మించి గాని ఉన్న వాటికి 15 శాతం వరకు తేడా ఉండవచ్చు. నూటికి 95 పరీక్షలైనా ఈ హద్దులో ఉండాలి. అంటే ల్యాబులో 80 వస్తే మీ మిషనులో 65 నుండి 95 వరకు, ల్యాబులో 200 వస్తే 170 నుండి 230 వరకు రావచ్చు. అంతకు మించి తేడా కనబడితే మరొకసారి చూసి, అప్పుడూ అలాగే వస్తే ఆ మిషనును పక్కన పెట్టండి.

వేలు కూడా పొడిగా ఉండాలి. తడి వేలి మీద రక్తం పలచబడి అంకె తగ్గుతుంది. మామిడిపండు తిన్న చేతితో చూస్తే పెరుగుతుంది. మిషను మీద అనుమానం ఉన్నన్నాళ్లు దాని అంకెను బట్టి ఇన్సులిన్ మోతాదు మార్చవద్దు, డాక్టరును అడగండి. అయితే చెమటలు, వణుకు, తడబాటు వస్తే పరీక్ష కొరకు ఆగక వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ తాగి ఆసుపత్రికి రండి. మింగలేని స్థితిలో ఉన్నవారి నోట్లో ఏమీ పోయవద్దు.

బీపీ మిషనులో తడిసేది ఎక్కువగా చేతి పట్టీ, గొట్టం. గొట్టంలో నీరు ఉంటే మిషను లోపలికి చేరుతుంది. గొట్టం విడదీసి, వేలాడదీసి ఆరబెట్టండి. ఆరిన తరువాత ఆసుపత్రికి తెచ్చి, అయిదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చున్న తరువాత, అదే చేతికి, మా మిషనుతోనూ మీ మిషనుతోనూ ఒకదాని తరువాత ఒకటి చూపించుకోండి. పై అంకెలో 10 మించి తేడా ప్రతిసారీ వస్తే దానిని నమ్మవద్దు. ఆ అంకె చూసి మాత్రలు మానవద్దు, పెంచవద్దు.

వేలికి పెట్టే ఆక్సిజన్ మిషను ఆరిన తరువాత ఆరోగ్యంగా ఉన్నవారి వేలికి పెట్టి చూడండి. 95 నుండి 100 మధ్య నిలకడగా ఉండాలి. నెబ్యులైజరు, ఆక్సిజన్ కాన్సెంట్రేటరు లాంటి ప్లగ్గు మిషన్లు మునిగితే ఇంట్లో ఆరబెట్టి ఆన్ చేయవద్దు. మరమ్మతుదారు చూసి చెప్పేవరకు వాడకండి. ఆక్సిజన్ మీద ఆధారపడినవారైతే ఆలస్యం చేయక ఆసుపత్రికి చేరండి.

బల్ల మీది బటన్ సెల్ – అసలు ప్రమాదం ఇక్కడే

తాళం ఆరబెట్టే హడావిడిలో పెద్దల కన్ను తాళం మీద ఉంటుంది. మనవడి కన్ను మెరిసే ఆ బిళ్ల మీద ఉంటుంది. పసిపిల్లలు ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటారు. రూపాయి బిళ్లంత ఉండే ఈ సెల్ సరిగ్గా అన్నవాహికలో ఇరుక్కునే పరిమాణం గలది.

ఇరుక్కున్న సెల్ ఊరకే ఉండదు. తడి కండ తగలగానే కరెంటు ప్రవహించి, దాని ఋణ ధ్రువం వైపు గాఢమైన క్షారం పుడుతుంది. కాస్టిక్ సోడా కాల్చినట్లు అది కండను కాలుస్తుంది. రెండు గంటలలోనే లోతైన గాయం కావచ్చు. తరువాత అన్నవాహికకు చిల్లు పడవచ్చు, పక్కనే ఉన్న శ్వాసనాళానికి, పెద్ద రక్తనాళానికి కూడా గాయం పాకవచ్చు. సెల్ బయటకు తీసిన తరువాత కూడా గాయం లోతు పెరుగుతూ పోవడం కద్దు. "అది అయిపోయిన సెల్లే కదా" అని ఊరడిల్లవద్దు. తాళాన్ని పని చేయించలేని సెల్‌లో కూడా గొంతును కాల్చే శక్తి మిగిలి ఉంటుంది.

మింగిన సంగతి ఎవరూ చూడకపోతే గుర్తించడం కష్టం. చొంగ ఎక్కువగా కారడం, తిండి నిరాకరించడం, దగ్గు, గురక లాంటి ఊపిరి, ఛాతీ పట్టుకొని ఏడవడం, వాంతి – ఇవే లక్షణాలు. జలుబు అనుకొని మందు పోస్తూ ఒక రోజు గడిపితే ఎంత నష్టమో ఆలోచించండి. ఇంట్లో సెల్ కనబడటం లేదు, బిడ్డ తేడాగా ఉన్నాడు అంటే మింగాడనే అనుకోవాలి.

అప్పుడు ఏమి చేయాలి?

– వెంటనే 108 పిలిచి, లేక దొరికిన వాహనంలో, ఎక్స్‌రే, ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి బయలుదేరండి. రాత్రి అయినా తెల్లవారేదాకా ఆగవద్దు.

– "బటన్ సెల్ మింగాడు" అని గేటు దగ్గరే చెప్పండి. వరుసలో కూర్చోవద్దు. అలాంటి సెల్ ఇంకొకటి గాని, ప్యాకెట్టు గాని ఉంటే వెంట తీసుకురండి.

– వాంతి చేయించవద్దు. అరటిపండు, అన్నం ముద్ద మింగించవద్దు.

– బిడ్డకు ఏడాది నిండి ఉండి, మింగి 12 గంటలు దాటకుండా ఉండి, మింగగలుగుతుంటే దారిలో పది నిమిషాలకు ఒకసారి రెండు చెంచాల తేనె ఇవ్వవచ్చు. ఆరుసార్లు మించవద్దు. తేనె కండకు పూతలా నిలిచి గాయం వేగాన్ని తగ్గిస్తుంది. ఇది వైద్యం కాదు, దారిలో చేసే సాయం మాత్రమే. తేనె కొరకు వెదుకుతూ బయలుదేరడం ఆలస్యం చేయవద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె ఇవ్వనే కూడదు.

ఎక్స్‌రేలో నాణెం, సెల్ రెండూ గుండ్రంగానే కనబడతాయి. సెల్ అయితే అంచున రెండు గీతల వలయం కనిపిస్తుంది. అన్నవాహికలో ఉన్నదని తెలిస్తే వెంటనే ఎండోస్కోపీ ద్వారా తీస్తారు. ముక్కులో, చెవిలో దూర్చుకున్నా ఇంతే అత్యవసరం. చుక్కల మందు వేయకుండా తీసుకురండి.

ఈ ప్రమాదాన్ని గుర్తించి అమెరికాలో 2022లో ఒక చట్టం చేశారు. బటన్ సెల్ ఉన్న వస్తువుల సెల్ అర పిల్లలు సులువుగా తెరవలేనట్లు ఉండాలని అది నిర్దేశిస్తుంది. మన ఇళ్లలో వెలిగే బొమ్మలు, పాటలు పాడే గ్రీటింగు కార్డులు, క్రిస్మసు నక్షత్రపు చిన్న దీపాలు, బరువు చూసుకునే మిషన్లు, రిమోట్లు ఎన్నో ఉన్నాయి. ఒకసారి అన్నీ చూడండి. మూత వదులైన వాటికి టేపు చుట్టండి. పాత సెల్‌కు రెండు వైపులా టేపు అంటించి, అందనంత ఎత్తున ఉంచి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి.

తరచుగా అడిగే ప్రశ్నలు

*ఇన్సులిన్, మాత్రలు వరద నీటిలో తడిస్తే వాడవచ్చా?*
వాడకూడదు. మురుగు నీరు తగిలిన మందులను పారవేసి, చీటీ తీసుకొని ఆసుపత్రికి రండి.

*పేస్‌మేకరు ఉన్నవారు స్నానం చేయవచ్చా? వానలో తడవవచ్చా?*
కోత మానిన తరువాత నిశ్చింతగా చేయవచ్చు. అది టైటానియం డొక్కులో గట్టిగా మూయబడి శరీరం లోపల ఉంటుంది. బయటి నీరు దానిని చేరదు.

*తడిసిన మిషను బాగుపడింది. ఇక దిగులు లేనట్లేనా?*
ఒక నెల గమనించండి. వైద్య యంత్రమైతే నెల తరువాత మరొకసారి ల్యాబుతో సరిపోల్చుకోండి. లోపల మిగిలిన ఉప్పు నెమ్మదిగా పని చేస్తుంది.

వానలకు ముందే సిద్ధపడదాము

2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతమంతా మునిగింది. నీళ్లు ఇంట్లోకి రావడానికి ఇక నది ఒడ్డునే ఉండనక్కరలేదు.

గనుక ప్రతి కుటుంబమూ జిప్పు ఉన్న మందపాటి ప్లాస్టిక్ సంచి ఒకటి సిద్ధం చేసుకోవాలని మా మనవి. అందులో షుగరు మిషను, స్ట్రిప్పులు, చెవి మిషను సెల్స్, వారం రోజుల మాత్రలు, మందుల చీటీ నకలు, రెండవ కారు తాళం, సిలికా జెల్ పొట్లాలు, ముఖ్యమైన ఫోను నెంబర్లు రాసిన కాగితం పెట్టి, పిల్లలకు అందని ఎత్తైన అరలో ఉంచండి. మీ వీధిలో ఒంటరిగా ఉండే వృద్ధులకు కూడా ఇలాంటి సంచి ఒకటి సర్ది పెట్టండి. యువజనుల కూటమి, స్త్రీల సమాజము ఒక సాయంత్రం పూనుకుంటే సంఘమంతటికీ ఈ పని జరిగిపోతుంది.

తడిసిన తాళం బాగుపడకపోతే కొత్తది కొనుక్కోవచ్చు. తప్పు చూపే మిషనును మార్చుకోవచ్చు. బిడ్డ గొంతు అలాంటిది కాదు. కాబట్టి ఏ యంత్రం విప్పినా ముందు సెల్‌ను భద్రపరచండి, తరువాతే తడి సంగతి చూడండి. ఈ వానాకాలమంతా దేవుడు మీ ఇంటిని, మీ పిల్లలను క్షేమంగా కాపాడును గాక.